వాక్యూమ్‌తో బిడ్డను తీస్తే ప్రమాదమా, ముందే పెద్దాపరేషన్ చేయించుకోవడం మంచిదా?

అమ్మా, ఇదే సందేహం మన జిల్లాల్లో చాలా కుటుంబాలకు ఉంది కాబట్టి, మీరు రాసినదాన్ని ముందుగా ఒకసారి క్లుప్తంగా చెబుతాను. మీది భూపాలపల్లి, తొలిచూలు, ఇప్పుడు 38వ వారం నడుస్తున్నది. బిడ్డ తల కిందికే ఉందనీ, రక్తపోటు, షుగర్ సరిగానే ఉన్నాయనీ, నొప్పులు వచ్చేదాకా ఆగవచ్చుననీ మీ డాక్టరు చెప్పారు. అయితే నిరుడు మీ వదినకు చివర్లో వాక్యూమ్ పెట్టి పాపను తీశారు. పాప నెత్తిమీద బుడిపెలా వాపు వచ్చింది. అది చూసినప్పటి నుంచి ఇంట్లో పెద్దవాళ్లు ‘ఆ గుంజుడు మనకొద్దు, మంచి ముహూర్తం చూసి ఆపరేషన్ చేయిద్దాం’ అంటున్నారు. వాక్యూమ్ వల్ల బిడ్డ మెదడు దెబ్బతింటుందా, ఆ భయానికి ముందే పెద్దాపరేషన్ చేయించుకోవడం మేలా అని మీరు అడిగారు.

నేను వరంగల్, హనుమకొండ ప్రసూతి వార్డుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన వైద్యురాలిని. నా అభిప్రాయం మొదటే చెబుతాను. వాక్యూమ్, ఫోర్‌సెప్స్, సిజేరియన్ అనేవి నొప్పులు రాకముందే ఇంట్లో కూర్చుని ఎంచుకోవలసినవి కావు. కాన్పు ఎంతవరకు వచ్చింది, తల ఎంత దిగింది, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటున్నది అన్నవాటిని బట్టి ఆ గడియకు వీటిలో ఒకటి సరైనదవుతుంది, ఇంకొకటి హాని చేస్తుంది. మీరు రాసిన వివరాల్లో ఇప్పటికైతే ఆపరేషన్‌కు కారణమేదీ నాకు కనిపించలేదు. వాక్యూమ్ గురించి మీ ఇంట్లో ఉన్న భయం పూర్తిగా నిరాధారం కాదు గానీ, ఆ భయంతో మీరు ఎంచుకోబోయే దారి ఆ భయానికి మందు కాదు.

ఎందుకో తెలియాలంటే కాన్పు ఎలా సాగుతుందో కొంచెం తెలియాలి. నొప్పులు మొదలయ్యాక గర్భాశయ ముఖద్వారం క్రమంగా తెరుచుకుంటూ 10 సెంటీమీటర్లకు చేరడం మొదటి దశ. అక్కడి నుంచి తల్లి ముక్కుతూ ఉండగా బిడ్డ బయటికి రావడం రెండో దశ. మేము చదువుకున్న రోజుల్లో ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలనీ, అలా తెరుచుకోకపోతే కాన్పు ఆగిపోయినట్లేననీ నేర్పారు. ఆ నియమం అందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. చురుకైన నొప్పుల లెక్కను 5 సెంటీమీటర్ల నుంచే మొదలుపెట్టాలని, తొలిచూలులో అక్కడి నుంచి పూర్తిగా తెరుచుకోవడానికి 12 గంటల వరకు, ఆపై బిడ్డ బయటికి రావడానికి 3 గంటల వరకు పట్టవచ్చునని వివరించింది. తల్లీబిడ్డా బాగున్నంతసేపు 3 లేదా 4 సెంటీమీటర్ల దగ్గర ‘నొప్పులు ముందుకు సాగడం లేదు’ అంటూ ఆపరేషన్‌కు తీసుకెళ్లడం సరికాదు. మన దగ్గర జరిగే తొలి సిజేరియన్లలో ఎన్నో ఈ తొందరపాటు వల్లనే జరుగుతున్నాయని నా అనుభవం.

మొదటి దశలో బిడ్డ గుండె తప్పినా, ముఖద్వారం నిజంగానే తెరుచుకోకుండా ఆగిపోయినా సిజేరియన్ ఒక్కటే మార్గం. అప్పుడు వాక్యూమ్ మాటే రాదు. వాక్యూమ్‌కూ ఫోర్‌సెప్స్‌కూ చోటున్నది రెండో దశలోనే. ముఖద్వారం పూర్తిగా తెరుచుకుని, ఉమ్మనీటి సంచి పగిలి, తల కటి ఎముకల నడుమకు దిగిన తర్వాత తల్లి అలసిపోయి ముక్కలేకపోవచ్చు, గంటలు గడిచినా తల తిరగక అక్కడే నిలిచిపోవచ్చు, లేదా బిడ్డ గుండె వేగం పడిపోయి నిమిషాల్లో బయటికి తీయవలసి రావచ్చు. తల్లికి గుండెజబ్బో బీపీ తీవ్రతో ఉండి ఎక్కువసేపు ముక్కకూడని సందర్భాలు కూడా ఉంటాయి. బ్రిటన్‌లో నూటికి 10 నుంచి 15 కాన్పులు ఇలా పరికరం సాయంతోనే జరుగుతాయి. అక్కడ తొలిచూలు తల్లుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఈ సాయం అవసరమవుతుంది.

వాక్యూమ్ అంటే బిడ్డ తల మీద ఆనించే చిన్న గిన్నె. లోహంతోనో, ప్లాస్టిక్‌తోనో, సిలికాన్‌తోనో చేస్తారు. గాలి లాగేసినప్పుడు అది తలకు అంటుకుంటుంది. నొప్పి వచ్చి తల్లి ముక్కినప్పుడు మాత్రమే, ఆ ముక్కుడుకు తోడుగా, డాక్టరు గిన్నె పిడిని లాగుతారు. బలంలో ఎక్కువ భాగం తల్లిదే. ఇప్పుడు వాడుతున్న రూపానికి మూలం 1950లలో స్వీడన్ వైద్యుడు మాల్మ్‌స్ట్రోమ్ తయారుచేసిన లోహపు గిన్నె. గిన్నెను ఎక్కడ పెడుతున్నామన్నదే దీనిలో అసలైన నేర్పు. బిడ్డ వెనుక మాడుకు సుమారు 3 సెంటీమీటర్ల ముందు, నడినెత్తి గీత మీద గిన్నె మధ్యభాగం ఉండేలా అమర్చితే, లాగినప్పుడు బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని, తలలోని చిన్న కొలత ముందుగా వస్తుంది. ముందుకు జరిగినా పక్కకు జరిగినా తల వెనక్కి వాలి పెద్ద కొలత అడ్డుపడుతుంది, గిన్నె జారిపోతుంది, బిడ్డకు గాయమవుతుంది. పరికరం ఒకటే అయినా ఒక చేతిలో సుఖంగా, ఇంకొక చేతిలో కష్టంగా జరగడానికి కారణం చాలాసార్లు ఇదే.

గిన్నె పెట్టడానికి ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మూత్రాశయం ఖాళీ చేయాలి, కింద మత్తు సూది ఇవ్వాలి, తల్లికి విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, ఇది ఫలించకపోతే ఆపరేషన్‌కు వెళ్లేందుకు ఏర్పాట్లు పక్కనే ఉండాలి. వీటన్నిటికంటే నేను ముఖ్యమనుకునేది తల ఎంత దిగిందో సరిగ్గా అంచనా వేయడం. సుదీర్ఘమైన కాన్పులో బిడ్డ నెత్తిమీద సహజంగానే వాపు వస్తుంది, తల ఎముకలు ఒకదానిపైకి ఒకటి జరుగుతాయి. లోపలి పరీక్షలో వేలికి ఆ వాపు తగిలి తల బాగా కిందికి వచ్చిందని అనిపిస్తుంది, కాని అసలు ఎముక ఇంకా పైనే ఉంటుంది. అందుకే తల్లి పొట్టమీద చేయి పెట్టి, తలలో ఎంత భాగం ఇంకా పైకి తగులుతున్నదో చూడాలి. ఐదు వంతుల్లో ఒక వంతుకు మించి పైకి తగిలితే వాక్యూమ్ పెట్టకూడదు. అది సిజేరియన్‌కు వెళ్లవలసిన కాన్పు. బిడ్డ ముఖం ఎటు తిరిగి ఉందో వేలితో తెలియకపోతే స్కానింగ్ యంత్రాన్ని పొట్టమీద పెట్టి ఒక నిమిషంలో చూడవచ్చు. ఇప్పుడు లేబర్ రూమ్‌లకు స్కానింగ్ అందుబాటులోకి వస్తున్నది కాబట్టి ఆ అలవాటు పెరగాలని నా కోరిక.

ఎప్పుడు ఆపాలో తెలియడం మరింత ముఖ్యం. ప్రతి లాగుడుకూ తల కొంచెమైనా కిందికి రావాలి. మూడు లాగుళ్లలో బిడ్డ బయటికి వచ్చే స్థితికి చేరకపోతే, లేదా గిన్నె రెండుసార్లు ఊడిపోతే, ఆగి మళ్లీ ఆలోచించాలి. మొత్తం పని పావుగంట, ఇరవై నిమిషాలు దాటకూడదు. ఈ నియమం విలువ నాకు పుస్తకం వల్ల తెలియలేదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, పేరు చెప్పడం అనవసరమైన ఒక ఆస్పత్రిలో, రాత్రి రెండు గంటలకు గిన్నె రెండుసార్లు ఊడినా ‘ఇంకొక్కసారి’ అని మళ్లీ పెట్టాను. బిడ్డ పుట్టగానే ఏడ్చాడు, మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. మూడు గంటల తర్వాత నర్సు వచ్చి బాబు తెల్లగా పాలిపోతున్నాడని, తల మెత్తగా ఉబ్బుతున్నదని చెప్పింది. నెత్తిచర్మం కింద రక్తం చేరుతున్నది. పిల్లల వార్డుకు మార్చి రక్తం ఎక్కించారు, బాబు కోలుకున్నాడు. ఆ తర్వాత నా చేతిలో గిన్నె రెండోసారి ఊడిందంటే ఆ పరికరాన్ని పక్కన పెట్టేయడమే. పక్కన ఎంత పెద్ద డాక్టరు ఉన్నా ఆ విషయంలో నేను వెనక్కి తగ్గలేదు.

మీ వదిన గారి పాపకు వచ్చిన వాపు సంగతి ఇక్కడే చెప్పాలి. వాక్యూమ్ తర్వాత వచ్చే వాపులు మూడు రకాలు. గిన్నె ఆనిన చోట అదే ఆకారంలో గుండ్రంగా లేచే బుడిపె మొదటిది. ఇది ప్రతి బిడ్డకూ ఎంతోకొంత వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. రెండోది ఎముకకూ దాని పైపొరకూ మధ్య రక్తం చేరడం. ఇది పుట్టిన కొన్ని గంటలకు కనిపిస్తుంది, ఒక ఎముక హద్దు దాటదు, కొన్ని వారాలకు తనంత తానే కరిగిపోతుంది. ఆ రక్తం కరిగేటప్పుడు కామెర్లు కొంచెం ఎక్కువగా రావచ్చు కాబట్టి పరీక్ష చేయించాలి, కాని దానిని సూదితో తీయించడం, పిండడం, వేడి కాపడాలు పెట్టడం ఎంతమాత్రం చేయకూడదు. మూడోది నేను చూసిన ఆ బాబుకు వచ్చినటువంటిది. హద్దు లేకుండా తలంతా మెత్తగా పాకుతూ, చెవుల వెనుకకూ మెడకూ దిగుతుంది. బిడ్డ శరీరంలోని రక్తంలో చాలా భాగం అక్కడే చేరిపోగలదు. ఇది అరుదు, కాని ప్రాణాంతకం. అందుకే వాక్యూమ్ కాన్పు తర్వాత మొదటి గంటల్లో బిడ్డ తలనూ, రంగునూ, గుండె వేగాన్నీ పదేపదే చూడాలి, టోపీ తొడిగి ఉంటే తీసి చూడాలి. పుట్టిన ప్రతి బిడ్డకూ ఇచ్చే విటమిన్ కె సూది ఇక్కడ మరింత అవసరం. మీరు రాసిన దాన్ని బట్టి మీ వదిన గారి పాపకు వచ్చింది మొదటి రకమో రెండోదో అయి ఉంటుంది.

ఇక మెదడు సంగతి. 1990లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో తొలిచూలు తల్లులకు పుట్టిన 5 లక్షల 83 వేలకు పైగా బిడ్డల వివరాలను పరిశీలించి, 1999లో ఆ ఫలితాలు ప్రచురించారు. తలలో రక్తస్రావం వాక్యూమ్‌తో పుట్టినవారిలో 860 మందికి ఒకరికి, ఫోర్‌సెప్స్‌తో పుట్టినవారిలో 664 మందికి ఒకరికి కనిపించింది. సాయం లేకుండా పుట్టినవారిలో అది 1,900 మందికి ఒకరు. ఇంతవరకు వింటే మీ పెద్దవాళ్ల మాటే నిజమనిపిస్తుంది. కాని నొప్పులు పడుతూ పడుతూ చివరికి సిజేరియన్ అయినవారిలో ఆ సంఖ్య 907కు ఒకటి, అంటే వాక్యూమ్‌కు దాదాపు సమానం. నొప్పులు రాకముందే జరిగిన సిజేరియన్లలో 2,750కి ఒకటి. దీన్ని బట్టి ఆ ప్రమాదంలో పెద్ద భాగం గిన్నె తెచ్చిపెట్టినది కాదనీ, కష్టంగా సాగిన కాన్పుదేననీ పరిశోధకులు భావించారు. అలాంటి కాన్పు ఏ దారిన ముగిసినా ప్రమాదం దానితో పాటే వస్తుంది. ఆ చివరి సంఖ్య చూసి ‘అయితే ముందే ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుంది కదా’ అని మీకు అనిపించవచ్చు. అందుకు తల్లి ఇచ్చే మూల్యం ఏమిటో కింద చెబుతాను.

ఫోర్‌సెప్స్ అంటే బిడ్డ తలకు రెండు వైపులా, చెంపల మీదుగా అమరే రెండు వంపు తిరిగిన లోహపు రెక్కలు. మన వైపు ‘పటకారుతో తీసిండ్రు’ అనే మాట వింటేనే వణుకు పుడుతుంది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో చాంబర్లెన్ అనే వైద్య కుటుంబం దీనిని వాడుతూ, ఎవరికీ చూపకుండా నూరేళ్లకు పైగా దాచుకున్నది. ఆ నూరేళ్లలో ఎందరు తల్లులు, ఎందరు బిడ్డలు దక్కేవారో అని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఫోర్‌సెప్స్ వాక్యూమ్ కంటే విఫలమయ్యేది తక్కువ, నెలలు నిండని బిడ్డకు కూడా వాడవచ్చు. 34 వారాలు నిండకుండా వాక్యూమ్ పెట్టరు. కాని తల్లికి గాయం ఎక్కువ. మలద్వారపు కండరం దాకా చీలిపోవడం వాక్యూమ్‌తో నూటికి 1 నుంచి 4 మందిలో, ఫోర్‌సెప్స్‌తో 8 నుంచి 12 మందిలో జరుగుతుంది. అందుకే తొలిచూలులో పరికరం వాడేటప్పుడు సాధారణంగా కింద పక్కకు వాలుగా కోత పెడతారు. చీలిక లోతుగా ఉంటే థియేటర్‌లో, మంచి వెలుతురులో, అనుభవం ఉన్నవారు కుట్టాలి. లేకపోతే ఆ తల్లికి మలం, గాలి ఆపుకోలేని బాధ ఏళ్లతరబడి ఉంటుంది. ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయిన ఆడవాళ్లను నేను ఎందరినో చూశాను. ఈ కాన్పుల తర్వాత ఒక మోతాదు యాంటీబయాటిక్ సూది ఇస్తే చీము పట్టడం బాగా తగ్గుతుందని 2019లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో తేలింది.

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరూ ఆలోచించి ఉండని విషయానికి వస్తాను. ‘వాక్యూమ్ వద్దు, అవసరమైతే అప్పుడే ఆపరేషన్ చేయండి’ అని చాలా కుటుంబాలు మాకు ముందే చెప్పి సంతకం పెడతాయి. కాని తల పూర్తిగా కిందికి దిగిపోయిన తర్వాత చేసే సిజేరియన్, నొప్పులు రాకముందు చేసే సిజేరియన్ ఒకటి కాదు. ముఖద్వారం పూర్తిగా తెరుచుకుని, తల కటి ఎముకల మధ్య ఇరుక్కుపోయి ఉన్నప్పుడు పొట్ట కోసి చేయి లోపలికి పెడితే తల పైకి రాదు. గర్భాశయపు కిందిభాగం కాగితంలా సాగిపోయి ఉంటుంది. తలను పైకి లాగే ప్రయత్నంలో కోత పక్కలకు చీలి, పెద్ద రక్తనాళాల దాకా, మూత్రనాళం దాకా పోవచ్చు. కింది నుంచి ఒకరు తలను పైకి తోయాలి, లేదా బిడ్డను కాళ్లవైపు నుంచి తీయాలి, లేదా ముందుగా భుజాలు తీసి చివర తల తీసే పద్ధతి వాడాలి. ఈ మూడో పద్ధతిని 1957లో ప్రచురించింది మన దేశ వైద్యుడు పట్వర్ధన్. మన దేశంలో ఇలాంటి కాన్పులు ఎంత తరచుగా ఎదురయ్యేవో దీన్ని బట్టి తెలుస్తుంది. ఏటూరునాగారం వైపు నుంచి పన్నెండు గంటలు నొప్పులు పడి, అర్ధరాత్రి 108లో వచ్చిన ఒక తల్లికి నేను ఇలాంటి ఆపరేషన్ చేశాను. బిడ్డను తీయడానికి పట్టిన సమయం కంటే చీలిన గర్భాశయాన్ని కుట్టి రక్తం ఆపడానికి పట్టిన సమయం నాలుగు రెట్లు. ఆమెకు నాలుగు సీసాల రక్తం ఎక్కించాం. ఇలా చివరి దశలో సిజేరియన్ అయినవారికి మరుసటి గర్భంలో నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం కూడా పెరుగుతుంది. తల బాగా దిగి, గిన్నె పెడితే రెండు నొప్పుల్లో బిడ్డ వచ్చే పరిస్థితిలో, వాక్యూమ్ మీద భయంతో తల్లిని ఇటువంటి ఆపరేషన్‌కు నెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. కొత్త తరం డాక్టర్లలో చాలామందికి వాక్యూమ్, ఫోర్‌సెప్స్ చేతితో చేయించి నేర్పేవారు తగ్గిపోతున్నారు. రానిది చేయకపోవడం డాక్టరు నిజాయితీయే. కాని ఆ విద్య లేబర్ రూమ్‌లో నుంచి పోతే నష్టపోయేది తల్లులే.

నొప్పులు రాకముందే సిజేరియన్ తప్పనిసరయ్యే సందర్భాలు ఉన్నాయి, వాటి విషయంలో వెనుకాడకూడదు. మాయ ముఖద్వారానికి అడ్డంగా ఉండటం, బిడ్డ అడ్డంగా ఉండటం, ఇదివరకు గర్భాశయం మీద నిలువు కోత పడి ఉండటం అలాంటివి. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే 36, 37 వారాల్లో పొట్టమీద చేతులతో నెమ్మదిగా తిప్పి చూడవచ్చు. దాదాపు సగం మందిలో అది ఫలిస్తుంది, ఫలించకపోతే తొలిచూలులో ఎక్కువగా ఆపరేషనే చేస్తారు. నొప్పుల్లో బొడ్డుతాడు ముందుగా జారడం, మాయ విడిపోయి రక్తస్రావం కావడం వంటివి వస్తే నిమిషాల మీద ఆపరేషన్ జరగాలి. అలాంటప్పుడు సంతకానికి ఇంటి పెద్దల కోసం ఎదురుచూడవద్దని మీవాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టండి.

ఆపరేషన్ మామూలుగా నడుములో ఇచ్చే మత్తు సూదితో జరుగుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డ ఏడుపు వింటుంది. కోత పొత్తికడుపు కింద అడ్డంగా పెడతారు, బిడ్డ పది నిమిషాల్లోపే బయటికి వస్తుంది, మిగిలిన అరగంట, ముప్పావుగంట మాయ తీయడానికీ పొరలు కుట్టడానికీ పడుతుంది. ఆ సూది వల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందనే మాట మన ఊళ్లలో గట్టిగా ఉంది గాని, అది నిజం కాదు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి, కొందరికి కూర్చుంటే ఎక్కువయ్యే తలనొప్పి రావచ్చు, అవి తగ్గుతాయి. ఆపరేషన్ అయిన బాలింతకు నీళ్లు ఇవ్వకుండా, పత్యం పేరుతో వెల్లుల్లి కారం మెతుకులే పెట్టి, మంచం దిగనివ్వకుండా ఉంచడం మాత్రం నిజంగా హాని చేస్తుంది. అదే రోజున లేచి నాలుగు అడుగులు వేయాలి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అది అవసరం. మొదటి గంటలోనే పాలు పట్టవచ్చు.

ముందే చేయించుకునే ఆపరేషన్ మూల్యం సంగతి చెబుతానన్నాను. మొదటి ఆపరేషన్ మచ్చ తర్వాతి గర్భాలన్నిటికీ తోడుగా వస్తుంది. మరుసటి కాన్పులో మాయ ఆ మచ్చ మీద కిందికి నాటుకుంటే, అది గర్భాశయపు గోడలోకి పాతుకుపోయి ఊడకుండా ఉండే ప్రమాదం ఉంటుంది. అలా మాయ అడ్డుగా ఉన్నవారిలో ఇది మొదటి సిజేరియన్‌లో నూటికి 3 మందికి, రెండోదానిలో 11 మందికి, మూడోదానిలో 40 మందికి జరిగినట్లు 2006లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనం చెబుతున్నది. గర్భసంచి తీసేయవలసి రావడం, డబ్బాలకొద్దీ రక్తం ఎక్కించవలసి రావడం ఇలాంటి కాన్పుల్లోనే. ఒక్క అడ్డకోత మచ్చ ఉన్నవారు తర్వాతి కాన్పుకు ప్రయత్నిస్తే నూటికి 72 నుంచి 75 మందికి మామూలుగానే అవుతుంది, అయితే 200 మందిలో ఒకరికి పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం ఉంటుంది. ఆ ఒక్కరి కోసమే థియేటర్, రక్తం, మత్తు డాక్టరు ఉన్నచోటనే ఆ ప్రయత్నం జరగాలి. హనుమకొండలో ఉన్న తల్లికి అది సులువు. తాడ్వాయి అవతల, జంపన్నవాగు పొంగిన రాత్రి నొప్పులు మొదలైన తల్లికి పాత కుట్టు ఎంత భయమో ఆలోచించండి. మీ ఊరు పట్టణమే కావచ్చు, కాని మన ఆడబిడ్డలు నొప్పుల నాటికి తల్లిగారింట్లో ఉంటారో, అత్తగారింట్లో ఉంటారో, పొలం పక్క ఊళ్లో ఉంటారో ఎవరు చెప్పగలరు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో నూటికి 60.7 సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5. మన ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. జనాభా మొత్తంలో సిజేరియన్లు నూటికి 10 దాటాక తల్లీబిడ్డల మరణాలు వాటివల్ల ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. తెలంగాణ ఆడవాళ్ల శరీరాలు దేశంలోని మిగతా ఆడవాళ్ల శరీరాల కంటే బలహీనమైనవి కావు. డబ్బు ఒక కారణం, డాక్టరు మీద దాడి జరుగుతుందన్న భయం ఒక కారణం, రాత్రంతా కాచుకుని కూర్చునే సిబ్బంది లేకపోవడం ఇంకొక కారణం. కుటుంబాలు అడగడం కూడా కారణమే, దాన్ని మనం దాచుకోకూడదు.

ముహూర్తం విషయం మీ పెద్దవాళ్ల మనసు నొప్పించకుండా ఇలా చెప్పండి. డెన్మార్క్‌లో జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, నొప్పులు రాకముందే ఆపరేషన్‌తో పుట్టిన బిడ్డల్లో శ్వాస ఇబ్బంది 37వ వారంలో నూటికి 10 మందికి, 38వ వారంలో 5 మందికి, 39వ వారంలో 2 మందికి వచ్చింది. మీది ఇప్పుడు 38వ వారం. మంచి నక్షత్రమని ఈ వారమే తీయిస్తే, ఆ బిడ్డ మొదటి మూడు రోజులు తల్లి ఒడిలో కాక నవజాత శిశువుల వార్డులో ఆక్సిజన్ మీద గడపవచ్చు. వైద్య కారణంతో ఆపరేషన్ తేదీ ఎలాగూ నిర్ణయించవలసి వచ్చినవారు 39 వారాలు నిండాక, డాక్టరు ఇచ్చిన రోజుల్లో మంచిది చూసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు మీరు చేయవలసినవి చెబుతాను. మీరు కాన్పుకు వెళ్లదలచుకున్న ఆస్పత్రిలో ఈ వారమే మూడు సంగతులు అడగండి: రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా, రక్తం అందుబాటులో ఉంటుందా, వాక్యూమ్ చేసిన అనుభవం ఉన్న డాక్టరు ఉంటారా. చివరి ప్రశ్న అడిగితే ఏమనుకుంటారోనని సంకోచించకండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు. మిడ్‌వైఫరీ శిక్షణ పొందిన నర్సులు ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి అందుబాటులో ఉంటే దాన్ని తప్పక చూడండి. నొప్పుల్లో నడవనివ్వడం, పక్కకు తిరిగి పడుకోనివ్వడం, ఊపిరి పీల్చుకునే తీరు నేర్పడం, భయం తీర్చడం వారికి బాగా తెలుసు. నొప్పుల సమయంలో ఇష్టమైన మనిషి ఒకరు వెంట ఉంటే సిజేరియన్లు, పరికరపు కాన్పులు రెండూ తగ్గుతాయని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. మీ అమ్మనో, వదిననో లోపలికి రానివ్వమని అడగండి. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పుకూ, ఆపరేషన్‌కూ, మందులకూ, రక్తానికీ 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద డబ్బు కట్టనవసరం లేదు.

మీ కేస్ షీట్ మీద ‘వాక్యూమ్ వద్దు’ అని ముందుగా రాయించకండి. దానికి బదులు డాక్టరుతో ఇలా అనండి: ‘అవసరం పడితే ఎందుకో నాకు చెప్పి చేయండి, మూడు లాగుళ్లలో రాకపోతే ఆపండి, బిడ్డ తలను తర్వాత గంటగంటకూ చూడండి.’ ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో కళ్లు బైర్లు కమ్మినా, నొప్పుల కోసం ఎదురుచూడకుండా అదే గంటలో 108కి ఫోన్ చేసి బయలుదేరండి. కాన్పు ఏ దారిన జరిగినా డిశ్చార్జ్ కార్డు మీద కారణం స్పష్టంగా రాయించుకోండి. ఆపరేషన్ అయితే గర్భాశయం మీద కోత అడ్డంగా పడిందా నిలువుగా పడిందా, ముఖద్వారం అప్పటికి ఎంత తెరుచుకుంది అన్నవి అందులో ఉండాలి. మూడేళ్ల తర్వాత మీరు రెండో కాన్పుకు వెళ్లినప్పుడు, మిమ్మల్ని ఎన్నడూ చూడని డాక్టరు ముందుగా వెతికేది ఆ రెండు వాక్యాల కోసమే.